సెల్ సేవర్ రక్తం ఎక్కించాక కూడా ఊజింగ్ ఆగట్లేదా?

సమస్య ఇలా ఉంటుంది. పొట్టలో అయోర్టా అన్యూరిజం (పెద్ద ధమని ఉబ్బు) ఆపరేషన్, మూడు నాలుగు లీటర్ల రక్తం పోయింది, దాన్ని సెల్ సేవర్ మెషీన్‌తో పట్టి కడిగి మళ్లీ పేషెంట్‌కే ఎక్కించారు. హీమోగ్లోబిన్ 10 చూపిస్తోంది, అందరికీ కాస్త టెన్షన్ తగ్గింది. ఇంతలో కుట్ల దగ్గర, క్యాన్యులా పెట్టిన చోట, ఎక్కడపడితే అక్కడ రక్తం సన్నగా ఊరడం (ఊజింగ్) మొదలైంది. తెగిన నాళం ఏదీ కనిపించదు.

మొదటి అనుమానం హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా వాడే మందు) మీదకే పోతుంది. కానీ ఇన్ని లీటర్లు పోయినప్పుడు అసలు దొంగ ఎక్కువగా వేరే ఉంటుంది. సెల్ సేవర్ చేసే పని అన్నం వార్చినట్టే: మెతుకులు మిగులుతాయి, గంజి పోతుంది. ఆ గంజిలోనే ఫైబ్రినోజెన్ (గడ్డకట్టడానికి కావాల్సిన ప్రోటీన్), మిగతా క్లాటింగ్ ఫ్యాక్టర్లు, దాదాపు ప్లేట్‌లెట్లన్నీ ఉంటాయి. బ్యాగ్‌లో చిక్కగా, ఎర్రగా కనిపించేది సెలైన్‌లో తేలే ఎర్రకణాలు, అంతే. 60 కిలోల మనిషి ఒంట్లో ఉండేదే సుమారు 4,200 మి.లీ. రక్తం, కాబట్టి అర లీటరు తిరిగి ఎక్కిస్తే ఏమీ కాదు గానీ మూడు నాలుగు లీటర్లకి గడ్డకట్టే సరుకు పలచబడిపోతుంది, అందులోనూ అందరికంటే ముందు పడిపోయేది ఫైబ్రినోజెన్. హీమోగ్లోబిన్ చూసి మోసపోయేది ఇక్కడే.

ఏం చేయాలి? పీటీ, ఏపీటీటీ (రక్తం గడ్డకట్టే సమయం చూసే పరీక్షలు), ప్లేట్‌లెట్లు, ఫైబ్రినోజెన్ పంపండి. టీఈజీ (గడ్డ ఎలా కడుతోందో గ్రాఫ్‌లో చూపే పరీక్ష) ఉంటే ఇంకా మంచిది, త్వరగా తెలుస్తుంది. ఫైబ్రినోజెన్ డెసిలీటరుకు 150 మి.గ్రా. కంటే తక్కువైతే క్రయో (ఫైబ్రినోజెన్ ఎక్కువగా ఉండే ప్లాస్మా భాగం), ప్లేట్‌లెట్లు 50 వేల లోపుంటే ప్లేట్‌లెట్లు, పీటీ బాగా పెరిగితే కిలోకి 15 మి.లీ. లెక్కన ప్లాస్మా, అంటే 60 కిలోల పేషెంట్‌కి నాలుగు బ్యాగులు. ఫ్రీజ్ చేసిన ప్లాస్మా (ఎఫ్‌ఎఫ్‌పీ) కరిగించడానికే అరగంట పడుతుంది, అందుకని రెండో లీటరు పోతున్నప్పుడే బ్లడ్ బ్యాంక్‌కి ఫోన్ చేయండి, ఊజింగ్ మొదలయ్యాక కాదు.

ఏపీటీటీ ఒక్కటే బాగా పెరిగి మిగతావి బాగుంటే అప్పుడు హెపారిన్. మెషీన్‌ని తిట్టే ముందు, క్లాంప్ పెట్టేటప్పుడు మనమే ఇచ్చిన హెపారిన్ గుర్తు తెచ్చుకోండి! అది కాదనుకుంటే వాష్ చూడండి. మెషీన్‌లో రక్తం కడిగే 225 మి.లీ. బౌల్‌కి కనీసం లీటరు సెలైన్ పోవాలి, బయటికొచ్చే నీళ్లు తేటగా ఉండాలి. హడావుడిలో మధ్యలో ఆపేసినా, బౌల్ సగమే నిండినా కడగడం సరిగా జరగదు. మామూలు టీఈజీలో గడ్డకట్టడం ఆలస్యమై, హెపారినేజ్ (హెపారిన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్) కలిపిన టీఈజీ బాగా వస్తే హెపారిన్ ఉన్నట్టే, కొద్ది డోసు ప్రోటమిన్ (హెపారిన్‌కి విరుగుడు) నెమ్మదిగా ఇస్తే సరి. హెపారిన్ బదులు సిట్రేట్ వాడి ఉంటే అయనైజ్డ్ కాల్షియం కొలవండి, తక్కువుంటే కాల్షియం ఇవ్వండి.

ఒళ్లు చల్లబడితే మాత్రం ఇవన్నీ ఇచ్చినా పెద్దగా లాభం లేదు. 35 డిగ్రీల కిందికి పోకుండా వార్మర్ పెట్టండి. లీటర్ల కొద్దీ సెలైన్ వల్ల క్లోరైడ్ పెరిగి ఎసిడోసిస్ (రక్తంలో ఆమ్లం పెరగడం) వస్తుంది, ఏబీజీ (ధమని రక్త పరీక్ష) కూడా ఒకటి చేయండి.

దీనికి తిరగబడిన సమస్య ఇంకోటి, పీల్చిన రక్తం చేరే రిజర్వాయర్‌లోనే గడ్డలు. ఎక్కువగా యాంటీకోయాగ్యులెంట్ (గడ్డకట్టనివ్వని మందు) డ్రిప్ ఆగిపోయో, నెమ్మదించో ఉంటుంది. లీటరు సెలైన్‌లో 30 వేల యూనిట్ల హెపారిన్ కలిపి, రక్తం రాకముందే 100–200 మి.లీ. రిజర్వాయర్‌లోకి వదలాలి. త్రాంబిన్, కొల్లాజెన్ లాంటి రక్తం ఆపేవి గాయం మీద వేశాక ఆ చోట మామూలు సక్షనే పెట్టండి, సెల్ సేవర్ సక్షన్ వద్దు.

ఇక డ్రెయిన్‌లోంచి వచ్చిన రక్తాన్ని కడక్కుండా ఫిల్టర్ చేసి ఎక్కించే పద్ధతి ఉంది, మోకాలి కీలు మార్పిడిలో వాడేవారు. అందులో ప్లాస్మా ఉంది కదా అని మురిసిపోకండి. ఫైబ్రినోజెన్ లోపలే గడ్డకట్టి ఖర్చైపోయి ఉంటుంది, వచ్చేది దాని తునకలు, పగిలిన కణాల హీమోగ్లోబిన్. ఎక్కించాక డీ-డైమర్ (గడ్డ కరిగినప్పుడు వచ్చే తునక) ఆకాశంలో ఉంటే డీఐసీ (ఒళ్లంతా గడ్డలు కట్టి, గడ్డకట్టే సరుకు అయిపోయే స్థితి) అని కంగారుపడక ముందు ఫైబ్రినోజెన్, ప్లేట్‌లెట్లు చూడండి. అవి నిలకడగా ఉండి ఊజింగ్ లేకపోతే ఆ డీ-డైమర్ బ్యాగ్‌తో పాటు వచ్చిందే కావచ్చు, పడిపోతుంటే మాత్రం ఆ బ్యాగ్ అక్కడే ఆపేయండి.