రేడియేషన్ మొదలయ్యే ముందు: పొట్ట కోసం మూలికలు వాడాలనుకుంటున్నారా?

క్యాన్సర్‌కు పొట్టకో పొత్తికడుపుకో రేడియేషన్ పెట్టాలని డాక్టరు చెప్పిన రోజు నుంచే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. సిట్టింగులు ఎన్నో తేలకముందే అల్లం, కలబంద, పసుపు, తిప్పతీగ, మారేడు అంటూ సలహాలు వచ్చి పడతాయి. చెప్పేవాళ్లు ప్రేమతోనే చెబుతారు. అయినా మొదటి సిట్టింగుకు ముందే ఈ విషయం తేల్చుకోవాలి, మధ్యలో కాదు.

పేగు లోపలి పొర మూడు నుంచి ఐదు రోజుల్లో పాతది రాలిపోయి కొత్తది వస్తుంది. అంత వేగంగా విభజన చెందే కణాలకు రేడియేషన్ దెబ్బ త్వరగా తగులుతుంది. కిరణాలు కణంలోని నీటిని చీల్చి ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణు శకలాలను పుట్టిస్తాయి, అవి డీఎన్‌ఏను తెంపుతాయి. పై పొట్టకు పెడితే కొన్ని గంటల్లోనే వికారం, వాంతులు రావచ్చు. పొత్తికడుపుకైతే రెండో మూడో వారంలో విరేచనాలు మొదలవుతాయి. చికిత్స ముగిసిన కొన్ని వారాలకు చాలామందిలో ఇవి తగ్గిపోతాయి.

మూలికల మీద ఆశ గాలిలోంచి పుట్టింది కాదు. అల్లం సారం, మారేడు ఆకు సారం ముందుగా ఇచ్చిన ఎలుకల్లో రేడియేషన్ వల్ల పేగుకు జరిగే నష్టం, మరణాలు తగ్గినట్టు ప్రయోగాల్లో కనిపించింది. కానీ ఆ ఎలుకలకు క్యాన్సర్ లేదు. చాలా ప్రయోగాల్లో సారాన్ని కడుపులోకి ఇంజెక్షన్‌గా ఇచ్చారు, రేడియేషన్ కూడా ఒంటి మొత్తానికి ఒకేసారి పెట్టారు. మనిషికి పొత్తికడుపులో సాధారణంగా 45 నుంచి 50 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) మోతాదును, రోజుకు 1.8 లేదా 2 గ్రేల చొప్పున, వారానికి 5 రోజులు, సుమారు 5 వారాల పాటు ఇస్తారు. గుప్పెడు క్యాప్సూళ్లు మింగడానికి ఆ ఎలుకల ఫలితం ఆధారం కాదు.

నాకు అన్నిటికంటే భయం కలిగించే సంగతి మరొకటి ఉంది. ఫ్రీ రాడికల్స్‌ను అడ్డుకునే మందు పేగును కాపాడుతుంటే, క్యాన్సర్ గడ్డను కాపాడదన్న హామీ ఏమిటి? తల, మెడ క్యాన్సర్ ఉన్న 540 మందితో చేసి 2005లో ప్రచురించిన అధ్యయనంలో విటమిన్ ఇ, బీటా కెరోటిన్ ఇచ్చినవారికి దుష్ప్రభావాలు తక్కువగా కనిపించాయి. గడ్డ అదే చోట తిరిగి రావడం మాత్రం వాళ్లలోనే ఎక్కువన్న సూచనలు వచ్చాయి. అవి మూలికలు కావు, నిజమే. కానీ గాఢమైన మూలికా సారాలు వాడేదీ ఫ్రీ రాడికల్స్‌ను అడ్డుకునే అదే యాంటీ ఆక్సిడెంట్ గుణం కోసమే కదా.

అందుకే ప్లానింగ్ స్కాన్‌కు (రేడియేషన్ ఎక్కడ పెట్టాలో నిర్ణయించడానికి ముందుగా తీసే స్కాన్) వెళ్లేటప్పుడు ఇంట్లో వాడుతున్న చూర్ణాలు, లేహ్యాలు, కషాయాలు, క్యాప్సూళ్లు అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. ఎంత, ఎప్పటి నుంచి వాడుతున్నారో డాక్టరుకు చెప్పండి. తిడతారేమోనని దాచకండి. కూరలో వేసే పసుపు, అల్లం వేరు, క్యాప్సూల్‌లో కుక్కిన సారం వేరు. కూరలోది మామూలుగా ఇబ్బంది పెట్టదు.

కొన్నిటి విషయంలో ఇంకాస్త జాగ్రత్త. కలబంద ఆకు తొక్క కింద ఉండే పసుపు జిగురు విరేచనకారి. సునాముఖి, త్రిఫల కూడా అంతే. అసలే విరేచనాలు పట్టుకునే సమయంలో వీటి జోలికి వెళ్లకండి. రక్తం పల్చబడే మందులు వాడుతున్నా, ప్లేట్‌లెట్లు తగ్గినా పసుపు క్యాప్సూళ్లు వద్దు. పసుపు క్యాప్సూళ్లతోనూ, తిప్పతీగతోనూ కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులు ఉన్నాయి. భస్మాల్లో సీసం, పాదరసం ఉండొచ్చు. రేడియేషన్‌తో పాటు కీమో కూడా ఉంటే కీమో మందుతో ఏ మూలిక పడదో తప్పక అడగాలి.

మరి పొట్టకు ఏం చేయాలి? వాంతులు రాకముందే, సిట్టింగుకు ముందు వేసుకునే మాత్ర రాయమని అడగండి. పొత్తికడుపు రేడియేషన్‌లో విరేచనాలు తగ్గించడానికి లాక్టోబాసిల్లస్ ప్రోబయాటిక్స్‌ను (పేగుకు మేలు చేసే బ్యాక్టీరియా ఉన్న మందులు) అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. తెల్ల రక్తకణాలు బాగా తగ్గినవారికి అవి ప్రమాదం కావచ్చు కాబట్టి సొంతంగా మొదలుపెట్టొద్దు. నీళ్లు కొద్దికొద్దిగా, తరచూ తాగండి. వారానికోసారి బరువు చూసి రాసుకోండి.

విరేచనాలు మామూలు కంటే నాలుగైదు సార్లు పెరిగినా, రక్తం పడినా, జ్వరం వచ్చినా, తాగిన నీళ్లు కూడా నిలవకపోయినా, మూత్రం తగ్గినా అదే రోజు ఫోన్ చేయండి. కషాయంతో సర్దుకుంటుందని చూస్తూ కూర్చోవద్దు. నీరసంగా ఉందని మీ అంతట మీరు సిట్టింగు మానేయొద్దు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో మొత్తం చికిత్స 8 వారాలు దాటితే ఫలితం తగ్గుతుంది. విరేచనాలను అదుపు చేసే మందులు డాక్టర్ల దగ్గర ఉన్నాయి.

మూలికలు మళ్లీ మొదలుపెట్టాలనిపిస్తే చివరి సిట్టింగు తర్వాత మొదటి చెకప్‌లో, కాలేయ పరీక్ష రిపోర్టు చేతికి వచ్చాక అడగండి.