తెల్లారేసరికి కారు ఒక మూల కూలబడుతోందా? ఎయిర్ సస్పెన్షన్ లోపాన్ని ఇలా పట్టుకోండి

అనంతపురంలో మా మామ కారు రాత్రి నిక్షేపంగా ఉండేది. తెల్లారి చూస్తే వెనక ఎడమ చక్రం మీదికి కూలబడి ఉండేది. షెడ్డులో చూసి కంప్రెసర్ (గాలి నింపే మోటారు పంపు) పోయిందని కొత్తది వేశారు. నాలుగు నెలలు తిరక్కుండానే అదీ కాలిపోయింది. గాలి ఎక్కడో కారిపోతుంటే, నింపలేక నింపలేక కాలిపోయింది పాపం. అందుకే గట్టిగా చెబుతున్నాను: కారడం ఎక్కడో తేలేదాకా కంప్రెసర్ మార్చనివ్వకండి.

ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కార్లలో ఉక్కు స్ప్రింగుల చోట రబ్బరు గాలి తిత్తులుంటాయి. వాటినే బెల్లో అంటారు. కంప్రెసర్ ఇచ్చే గాలిని వాల్వ్ బ్లాక్ ఏ చక్రానికెంత కావాలో అంత పంచుతుంది. కారు ఎంత ఎత్తులో ఉందో హైట్ సెన్సర్లు కంట్రోల్ యూనిట్‌కు, అంటే దీన్ని నడిపే కంప్యూటర్‌కు చెబుతుంటాయి.

ముందుగా ఒక జాగ్రత్త. గాలి మీద నిలబడిన కారు ఏ క్షణంలోనైనా దిగిపోవచ్చు. జాకీ ఎత్తేముందు మాన్యువల్ చూసి జాక్ మోడ్ (ఎత్తు దానంతటదే సర్దుకోకుండా ఆపే సెట్టింగు) పెట్టండి. స్టాండ్లు వేయకుండా తల కాదుగదా, చెయ్యి కూడా కిందికి పోనివ్వకండి.

1. బ్యాటరీ చూడండి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు, నడుస్తున్నప్పుడు 13.5 నుంచి 14.5 దాకా ఉండాలి. వోల్టేజి తక్కువైతే కంట్రోల్ యూనిట్ లేని తప్పులు కూడా చూపిస్తుంది.

2. ఎత్తు కొలవండి. నేల సమంగా ఉండాలి, కడప బండలు సమంగా పరిచిన వసారా అయితే ఇంకా మంచిది. చక్రం నడిమధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా టేపు పెట్టి, నాలుగు మూలలా కొలిచి రాసుకోండి. రాత్రి ఒకసారి, కారు ముట్టకుండా తెల్లారి ఒకసారి. ఒక్క మూలే దిగితే ఆ బెల్లోనో, దాని పైపునో అనుమానించాలి. రెండు మూడు మూలలు కలిసి దిగితే వాల్వ్ బ్లాక్ వైపు చూడాలి. ఏదీ దిగదు గానీ స్విచ్ నొక్కితే కారు లేవదంటే, కంప్రెసర్, రిలే (దాని మోటారుకు కరెంటు కలిపే స్విచ్చు), ఫ్యూజుల సంగతి చూడాలి. మన ఎండలకు పగలు కాగిన గాలి రాత్రికి చల్లబడి కుంచించుకుంటుంది కాబట్టి, నాలుగు వైపులా సమానంగా కాస్త తగ్గితే కంగారొద్దు.

3. సబ్బు నీళ్లు కొట్టండి. నాకు అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష ఇదే. కారును పూర్తిగా పైకి లేపితేనే బెల్లో మడతలు విప్పుకుంటాయి, పగుళ్లు బయటపడతాయి. మా మామ కారుకు కింది మడతలో ఎర్ర దుమ్ము గడ్డకట్టి ఉంది. తడిగుడ్డతో తుడిచి, గిన్నెలు తోమే సబ్బు కలిపిన నీళ్లు స్ప్రే చేశాం. మొదట ఏమీ లేదు. అర నిమిషం ఆగాక వెంట్రుకంత పగులు నుంచి ఒక బుడగ ఆవగింజంత పుట్టి, శనగగింజంతై పగిలింది. వెంటనే ఇంకోటి. పైపు బిగించే చోట్లా, వాల్వ్ బ్లాక్ మీదా ఇలాగే ఓపిగ్గా చూడాలి.

4. కంప్రెసర్ చప్పుడు వినండి. అసలు మోగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత అదే నంబరున్న మంచి రిలే పెట్టి చూడండి. కారు ఆపినా మోటారు ఆగకుండా తిరుగుతుంటే రిలే అతుక్కుపోయిందేమో చూడాలి. కంప్రెసర్ మార్చాల్సే వస్తే పాత రిలే ఉంచుకోవద్దు.

5. స్కానర్ (కారు కంప్యూటర్‌లోని తప్పుల కోడ్లు చదివే పరికరం) పెట్టించండి. చవక స్కానర్లలో చాలావరకు ఇంజిన్ కోడ్లే చదువుతాయి, మనకు కావాల్సింది ‘సి’తో మొదలయ్యే ఛాసిస్ కోడ్లు. చెరిపేముందు రాసుకోండి. హైట్ సెన్సర్ కోడ్ వచ్చినంత మాత్రాన సెన్సర్ పోయినట్టు కాదు. దాని లింకు కడ్డీ విరిగిందేమో, కనెక్టర్లో పచ్చగా తుప్పు పట్టిందేమో, వైరు తెగిందేమో ముందు చూడండి.

బెల్లో గానీ సెన్సర్ గానీ మార్చాక స్కానర్‌తో ఎత్తు కాలిబ్రేషన్, అంటే సరైన ఎత్తు ఇదని కంట్రోల్ యూనిట్‌కు మళ్లీ నేర్పడం, చేయించుకోవాలి. ఆ రాత్రి కారును అదే బండల మీద నిలబెట్టి, తెల్లారి మళ్లీ టేపు పెట్టి చూడండి. కొలత నిలిచిందంటేనే షెడ్డుకు మిగతా డబ్బులివ్వండి.