మార్చి 31న గోడౌన్‌లో మిగిలిన సరుకుకు విలువ కట్టడం ఎలా?

గుంటూరులో ఎండుమిర్చి వ్యాపారం చేసే ఒక ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ ఉందనుకుందాం. యార్డులో కొంటుంది. కొంత అలాగే అమ్ముతుంది, కొంత కారం పట్టించి ప్యాకెట్లు చేస్తుంది. మార్చి 31 రాత్రికి దాని దగ్గర మిగిలిన సరుకు విలువెంత? ఈ ఒక్క అంకెను రెండు లక్షలు ఎక్కువ రాస్తే, ఒక్క బస్తా అమ్మకుండానే ఆ ఏడాది లాభం రెండు లక్షలు పెరుగుతుంది. ఈ ఏడాది ముగింపు సరుకే వచ్చే ఏడాది ప్రారంభ సరుకు కాబట్టి అప్పుడు లాభం అంతే తగ్గుతుంది. తగ్గకుండా చూసుకోవాలంటే మళ్లీ ఎక్కువ రాయాలి. ఆడిటర్ ముందుగా అడిగేదీ, దొంగలెక్క రాయాలనుకున్నవాడు ముందుగా చేయిపెట్టేదీ ఇక్కడే.

1938లో అమెరికాలో మెకెసన్ అండ్ రాబిన్స్ అనే మందుల కంపెనీ, గోడౌన్లలో లేని సరుకును దాదాపు కోటి డాలర్ల మేర పుస్తకాల్లో చూపిస్తోందని బయటపడింది. ఆడిటర్లు కాగితాలు చూశారు గానీ గోడౌన్ తలుపు తీయలేదు. సరుకు లెక్కపెట్టేటప్పుడు ఆడిటర్ దగ్గరుండాలన్న పద్ధతి స్థిరపడింది ఆ తర్వాతే.

1. ముందు లెక్కపెట్టండి

కంప్యూటర్‌లో కనిపించే నిల్వను దించి రాయకండి. ఆ రోజు లోడింగ్, అన్‌లోడింగ్ ఆపేయండి. చివరి సేల్ బిల్లు నంబరు, చివరిగా లోపలికొచ్చిన లారీ వేబిల్లు నంబరు రాసి పెట్టుకోండి. ఒకరు లెక్కపెట్టాలి, ఇంకొకరు రాయాలి. పుస్తకంలో ఎంత ఉందో లెక్కపెట్టేవాళ్లకు చెప్పకూడదు. చెబితే సరిగ్గా అంతే వస్తుంది!

నేను ఆర్టికల్స్ (సీఏ చదువులో భాగమైన ఆడిట్ శిక్షణ) చేసే రోజుల్లో ఒక కోల్డ్ స్టోరేజీకి వెళ్లాం. స్వెట్టర్లు వేసుకుని, ఘాటుకు ముక్కుకు తువ్వాలు కట్టుకుని నిలబడ్డాం. పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 640 టిక్కీలని (మిర్చి బస్తాలని) రాసేశాం. పక్కనున్న హమాలీ నవ్వి, ‘పైకెక్కి చూడండి సార్’ అన్నాడు. ఎక్కి చూస్తే నిట్టు (పేర్చిన బస్తాల వరుస) మధ్యలో బావిలా ఖాళీ. గాలి ఆడటానికి వదిలారట. ఎవరూ మోసం చేయలేదు, మేమే చూడలేదు. అప్పటినుంచీ నిట్టు పైకెక్కనిదే షీటు మీద సంతకం పెట్టను.

టిక్కీలు లెక్కపెట్టాక కొన్నింటిని కాటా వేయించండి. అన్నీ ఒకే తూకం ఉండవు. ఎవరి సరుకో కూడా తేల్చుకోవాలి. రైతు మన దగ్గర ఉంచిపోయినవి మనవి కావు. కారం పట్టించడానికి మిల్లుకు పంపినవి మన గోడౌన్‌లో లేకపోయినా మనవే. బయట ఉన్న సరుకుకు ఆ మిల్లు నుంచో, కోల్డ్ స్టోరేజీ నుంచో రాతపూర్వకంగా ధ్రువీకరణ తెప్పించుకోండి.

2. కొన్న ఖర్చు తేల్చండి

కొన్న ధరకు కమీషను, హమాలీ, లారీ కిరాయి, వెనక్కి రాని పన్నులు, సెస్సులు కలపాలి. క్రెడిట్‌గా తీసుకునే జీఎస్టీని కలపకూడదు. ఎక్కువమంది తప్పు చేసేది కోల్డ్ స్టోరేజీ అద్దె దగ్గర. కొన్న సరుకును మంచి ధర కోసం దాచుకుంటే ఆ అద్దె ఆ ఏడాది ఖర్చే, సరుకు విలువలో చేరదు. తయారీలో తర్వాతి దశకు వెళ్లే ముందు నిల్వ తప్పనిసరి అయినప్పుడే చేరుతుంది. బ్యాంకు వడ్డీ కూడా ఇలాంటి సరుకుకు కలవదు.

ఇక ధరలు మారుతుంటాయి కదా, ఏ ధర పట్టుకోవాలి? ఊహాధరలతో చూద్దాం. ఫిబ్రవరిలో క్వింటాలు రూ.14,000 చొప్పున 200 క్వింటాళ్లు, మార్చిలో రూ.16,000 చొప్పున 300 క్వింటాళ్లు కొన్నారు. 350 అమ్మగా 150 మిగిలాయి. ముందు కొన్నది ముందు పోయిందనుకునే ఫిఫో పద్ధతిలో మిగిలినవన్నీ మార్చి సరుకే, అంటే రూ.24,00,000. వెయిటెడ్ యావరేజ్‌లో మొత్తం ఖర్చు రూ.76,00,000ని 500తో భాగిస్తే క్వింటాలు రూ.15,200, అంటే రూ.22,80,000. అదే సరుకుకు రూ.1,20,000 తేడా. రెండూ ఒప్పే పద్ధతులే. ఒకటి ఎంచుకుని ఏటా దానిమీదే ఉండండి. లాభాన్ని బట్టి పద్ధతి మార్చేవాళ్లను ఆడిటర్ ఇట్టే పట్టేస్తాడు. చివర కొన్నది ముందు పోయిందనే లిఫో అమెరికాలో నడుస్తుంది గానీ సరుకు విలువకు మన దేశంలో ఉన్న అకౌంటింగ్ ప్రమాణాలు ఏఎస్ 2, ఇండ్ ఏఎస్ 2 రెండూ ఒప్పుకోవు.

3. అమ్మితే ఎంతొస్తుందో చూడండి

రెండు ప్రమాణాలదీ ఒకటే మాట: కొన్న ఖర్చు, అమ్మితే ఖర్చులు పోను చేతికొచ్చేది, ఈ రెంటిలో ఏది తక్కువైతే అదే విలువ. రెండోదాన్ని ఎన్ఆర్‌వీ (నెట్ రియలైజబుల్ వాల్యూ) అంటారు. పై సరుకుకు మార్కెట్ రూ.15,000, అమ్మకం ఖర్చు రూ.500 అయితే చేతికొచ్చేది రూ.14,500. యావరేజ్ ఖర్చు రూ.15,200 కాబట్టి క్వింటాలుకు రూ.700 తగ్గించాలి. మొత్తం రూ.1,05,000 నష్టం ఈ ఏడాదే రాసి, సరుకును రూ.21,75,000 దగ్గర చూపాలి.

పోల్చడం రకాలవారీగా చేయాలి. తేజ రకం మిర్చిలో వచ్చే లాభంతో బ్యాడిగి రకం నష్టాన్ని కప్పేయకూడదు. తాలు కాయలకు వేరే ధర. ఒప్పందం కుదిరిన సరుకుకు ఆ ఒప్పందం ధరే పట్టుకోవాలి. కారం పట్టించడానికి ఉంచిన మిర్చికి ఒక మినహాయింపు ఉంది. కారం తయారీ ఖర్చుకు తగ్గకుండా అమ్ముడుపోతుందనుకుంటే, యార్డులో కాయ ధర పడిపోయినా మిర్చి విలువ తగ్గించక్కర్లేదు.

4. బ్యాంకుకిచ్చిన లెక్కతో సరిచూడండి

బ్యాంకుకు ఎక్కువ సరుకు, ఇన్‌కమ్ ట్యాక్స్‌కు తక్కువ సరుకు చూపించే తెలివి పాతదే. కారో 2020 (ఆడిటర్ రిపోర్టులో ఏమేం రాయాలో చెప్పే ప్రభుత్వ ఉత్తర్వు) వర్తించే కంపెనీకి సరుకు, రావాల్సిన బాకీల తాకట్టు మీద ఏడాదిలో ఎప్పుడైనా రూ.5 కోట్లకు మించి వర్కింగ్ క్యాపిటల్ లిమిట్లు (రోజువారీ వ్యాపారానికి అప్పు పరిమితులు) మంజూరై ఉంటే, మూడు నెలలకోసారి బ్యాంకుకిచ్చే స్టేట్‌మెంట్లు పుస్తకాలతో కలిశాయో లేదో ఆడిటర్ తన రిపోర్టులో రాయాల్సిందే. లెక్కింపులో ఏ తరగతి సరుకులోనైనా 10 శాతం, ఆపైన తేడా వచ్చినా రాయాల్సిందే.

5. సరుకా, ఆస్తా?

కారం పట్టే మెషిన్ మనకు ఫిక్స్‌డ్ అసెట్. అదే మెషిన్ అమ్మే డీలరుకు సరుకు. ఎందుకు ఉంచుకున్నామన్నదే తేలుస్తుంది. మెషిన్ ధర రూ.18,50,000, రవాణా, క్రేన్ రూ.60,000, పునాది రూ.50,000, బిగింపు, ట్రయల్ రన్ రూ.40,000, కలిపి రూ.20,00,000 అసెట్ విలువ. ప్రారంభం రోజు కొబ్బరికాయలు, భోజనాలు, పనివాళ్ల శిక్షణ ఇందులోకి రావు. మెషిన్ మీద కట్టిన జీఎస్టీని కూడా అసెట్ విలువలో కలిపి దానిమీద తరుగుదల (ఏటా తగ్గే విలువను ఖర్చు రాయడం) తీసుకుంటే ఆ జీఎస్టీ క్రెడిట్ పోతుంది. రెండూ దక్కవు.

కంపెనీల చట్టం 2013 షెడ్యూల్ 2 ప్రకారం మామూలు యంత్రాలకు ఆయుష్షు 15 ఏళ్లు, కంప్యూటర్లకు 3. చివర మిగిలే విలువ మామూలుగా 5 శాతం దాటకూడదు. ఆ రూ.1,00,000 తీసేస్తే రూ.19,00,000, దాన్ని 15తో భాగిస్తే తరుగుదల ఏడాదికి సుమారు రూ.1,26,667. అక్టోబరు 1న సిద్ధమైతే ఆ ఏడాదికి సగం, రూ.63,333. ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్క వేరు. 15 శాతం రేటు, 180 రోజులకు తక్కువ వాడితే సగం. అక్టోబరు 1 నుంచి 182 రోజులు కాబట్టి పూర్తిగా రూ.3,00,000 వస్తుంది. అదే అక్టోబరు 4న మొదలైతే, లీపు సంవత్సరం కాకపోతే, 179 రోజులే, రూ.1,50,000తో సరి. పుస్తకాలకూ ట్యాక్స్‌కూ ఉన్న ఈ తేడా మీదే డిఫర్డ్ ట్యాక్స్ (ముందు ముందు సర్దుబాటయ్యే పన్ను) లెక్క వేస్తారు.

బెల్టులు, బేరింగుల వంటి చిల్లర విడిభాగాలు సరుకులోనే, స్టోర్స్ కింద ఉంటాయి. ఏడాదికి మించి పనిచేసే పెద్ద మోటారు కొంటే అది అసెట్. ఆ మోటారు బిగించిన రోజు పాత మోటారుకు పుస్తకాల్లో మిగిలిన విలువను తీసేయండి. పాతసామాన్ల కొట్టువాడు ఇచ్చింది పోగా మిగిలింది నష్టం కింద రాసుకోవాలి.