కొత్త టాప్ వేసినా సీటు వెనక తడేనా? మియాటా సాఫ్ట్ టాప్ సమస్యలు, పరిష్కారాలు

వాన పడ్డ మర్నాడు నాకు ఫోన్ రావడం మామూలే. "అన్నా, మియాటాకి మడిచే గుడ్డ కప్పు, మొత్తం టాప్ మార్పించేశాను. అయినా రాత్రి వానకి సీటు వెనక కార్పెట్ మళ్లీ తడిసిపోయింది." నేను అడిగేది ఒక్కటే: "టాప్ మీది వాన నీళ్లు బయటికి పోయే డ్రెయిన్‌లో గ్లాసుడు నీళ్లు పోసి చూశావా?" చూసి ఉండరు. వందల డాలర్లు పెట్టి టాప్ కొంటారు, రెండు రోజులు కష్టపడి బిగిస్తారు. రెండు నిమిషాల పని మాత్రం ఎవరూ చెయ్యరు. న్యూజెర్సీలో పాత మియాటాల టాపులు చాలానే మార్చాను, ఇది చూసినప్పుడల్లా బాధేస్తుంది.

ఇక్కడ చెప్పేది మొదటి రెండు తరాల మాజ్దా మియాటా అనే రెండు సీట్ల ఓపెన్ టాప్ కారు గురించి. అమెరికాలో 1990 నుంచి 1997 దాకా వచ్చిన మోడల్ ఎన్‌ఏ, 1999 నుంచి 2005 దాకా వచ్చింది ఎన్‌బీ. ఎన్‌ఏకి వెనక జిప్పుతో తెరుచుకునే ప్లాస్టిక్ కిటికీ ఉంటుంది. ఎన్‌బీకి ఇక్కడ డీఫాగర్ (అద్దం మీద ఆవిరి పోగొట్టే వేడి తీగలు) ఉన్న గాజు కిటికీ వచ్చింది. టాప్ దించడం, ట్రిమ్ క్లిప్పులు విరగకుండా ఊడదీయడం మీకు తెలుసనే అనుకుంటున్నాను.

కిటికీ మసకబారింది, పచ్చబడింది

ఎండకి ప్లాస్టిక్ ముదిరింది. పైపైన మసకే అయితే ప్లాస్టిక్ పాలిష్‌తో చాలావరకు పోతుంది. అమోనియా ఉన్న అద్దాల క్లీనర్ మాత్రం ముట్టించకండి, ఇంకా పాడవుతుంది. మడత పడే చోట అడ్డంగా చీలిందంటే ఎవరో చలిలో, జిప్పు తీయకుండా టాప్ దించారన్నమాట. ఆ చీలికకి టేపు వేసినా నాలుగు రోజులే. కిటికీ భాగం విడిగా దొరుకుతుంది, టాప్ గుడ్డ బాగుంటే అదొక్కటే మార్చుకోవచ్చు. కానీ కిటికీ కింది అంచు కూడా, టాప్ వెనక అంచుని బాడీకి పట్టి ఉంచే ఇనప పట్టీల కిందే బిగించి ఉంటుంది కాబట్టి ఆ నట్లు ఎలాగూ విప్పాలి. విప్పినప్పుడు కింద చెప్పబోయే రెయిల్‌ని చూడకుండా మూసెయ్యకండి.

డోర్ అద్దం పైమూలలో చుక్కలు పడుతున్నాయి

ఎక్కువసార్లు రబ్బరు సీలే కారణం. గట్టిపడిందా, చిరిగిందా చూడండి. ముందు లాచ్‌లు (టాప్‌ని ముందు అద్దం ఫ్రేముకి పట్టి ఉంచే కొక్కేలు) వదులుగా ఉంటే బిగుతు సరిచేయండి, అద్దం పూర్తిగా పైకి వచ్చి రబ్బరుకి ఆనుతోందో లేదో చూడండి. దీనికి టాప్ మార్చక్కర్లేదు.

సీటు వెనక కార్పెట్ తడి, కారంతా ముక్కిపోయిన వాసన

అసలు కథ ఇదే.

అందరూ వెంటనే గుడ్డనే అనుమానిస్తారు. ఎక్కడో చిల్లు ఉందనుకుంటారు. కానీ ఈ కారులో టాప్ వెనక అంచు నీళ్లు చొరకుండా సీల్ చేసి ఉండదు, అలా చెయ్యాలని కట్టినదే కాదు. టాప్ మీద పడ్డ వాన వెనక్కి జారి, గుడ్డకీ బాడీకీ మధ్య సందులోంచి లోపలికే దిగుతుంది. అక్కడ రెయిన్ రెయిల్ అనే ప్లాస్టిక్ కాలువ ఉంటుంది. మన పెంకుటింటి చూరు నీళ్లకి కింద రేకు కాలువ పెట్టినట్టే. ఆ కాలువ రెండు చివరలా సీటు బెల్టు స్తంభాల వెనక ఒక్కో డ్రెయిన్ గొట్టం ఉంటుంది. నీళ్లు అందులో పడి, వెనక చక్రానికి కాస్త ముందు కారు కింద నుంచి బయటికి పోతాయి.

ఇక్కడ చెట్ల కింద నిలిపిన కారుకి రెండు శరత్కాలాలు గడిస్తే చాలు, ఆ గొట్టం పూడిపోతుంది. పైన్ ఆకులు, దుమ్ము, టాప్ గుడ్డ పోగులు అన్నీ కలిసి నల్లటి ముద్ద అవుతాయి. నీళ్లు పోయే దారి లేక కాలువ పొంగి సీటు వెనక పడతాయి. అంతకంటే పెద్ద నష్టం కంటికి కనపడదు. నిలిచిన నీళ్లు డోర్ కింద రాకర్ ప్యానెల్ లోపలికి చేరి, వెనక చక్రం ముందు భాగాన్ని లోపల్నుంచి తుప్పు పట్టిస్తాయి. బయట పెయింట్ ఉబ్బి కనపడేసరికి లోపల రేకు మిగలదు.

పరీక్ష ఇలా చెయ్యండి. టాప్ సగం మడిచి, స్తంభం వెనక మూలలో చెయ్యి పెడితే గొట్టం నోరు వేళ్లకి తగులుతుంది. గ్లాసుడు నీళ్లు నెమ్మదిగా పోయండి. కొద్ది సెకన్లలో కారు కింద ధార కనపడాలి. చుక్కచుక్కగా వచ్చినా, అసలు రాకపోయినా పూడిందన్నట్టే. రెండో వైపూ తప్పకుండా చూడండి.

శుభ్రం చెయ్యడానికి గడ్డి కోసే ట్రిమ్మర్‌లో వాడే నైలాన్ తీగ మంచిది. పైనుంచి కొంచెం, కిందనుంచి కొంచెం మెల్లగా తిప్పుతూ ఆడించండి. బట్టల హ్యాంగర్ తీగ వద్దు, గొట్టానికి చిల్లు పడుతుంది. కంప్రెసర్ గాలి కూడా వద్దు, గొట్టం లోపల అతుకు దగ్గర ఊడిపోతే పట్టుకోవడం నరకం. మొదటిసారి నేను తీసినప్పుడు వేలెడు పొడుగు ముద్ద ఒక్కసారిగా జారి పడింది, దాని వెనక తుప్పు రంగు నీళ్లు ఆగకుండా వస్తూనే ఉన్నాయి. పైన అంతకు ముందు వారమే బిగించిన కొత్త టాప్ ఉంది.

డ్రెయిన్ బాగానే పారుతోంది, అయినా తడే అంటే, నన్ను బాగా దెబ్బతీసిన కారణం దగ్గరికి వస్తున్నాం. అది రెయిల్ చివర. టాప్ బిగించేటప్పుడు ఆ చివర ముక్క గొట్టం నోట్లోకి వేలాడాలి. తొందరలో అది పక్కకి మడతపడి బాడీ లోపలి గోడకి ఆనుకుంటే కాలువలో నీళ్లన్నీ డ్రెయిన్‌ని తప్పించుకుని లోపలికే కారతాయి. పైనుంచి చూస్తే అంతా సరిగ్గానే ఉన్నట్టుంటుంది. ఒక కారుకి నేను మూడుసార్లు పట్టీలు విప్పి బిగించాక టార్చ్ వేసి చూస్తే, కుడివైపు చివర గోరంత మడత ఉంది. అంతే.

ఇంకోటి, పాత రెయిల్ పెళుసుబారి మూల తిరిగే చోట సన్నగా పగులుతుంది. కొన్ని టాపులు రెయిల్‌తో కలిపి వస్తాయి, కొన్నిటికి పాత టాప్ నుంచి తీసిన రెయిలే పెట్టాలి. పాతది వేలితో వంచి చూడండి. తెల్లగీత పడితే పారేసి కొత్తది కొనండి. అతికించిన రెయిల్ నా చేతిలో ఒక్కటీ నిలవలేదు.

ఏది కారణమో తేల్చుకోవాలంటే పట్టీల కింద రెండు మూలల్లో టిష్యూ పేపర్లు పెట్టి, టాప్ మూసి, వెనక కిటికీ కింద సీసాతో సన్నగా నీళ్లు పోస్తూ ఒక చివర నుంచి రెండో చివరకి వెళ్లండి. ముందు ఏ పేపర్ తడిస్తే అక్కడే వెతకండి. హోస్ పైపు పెట్టి ఒకేసారి కుమ్మరిస్తే అన్నీ తడుస్తాయి, మీకేమీ తెలియదు.

టాప్ నిజంగానే చిరిగింది, మార్చాలి

డ్రెయిన్, రెయిల్ చూశాకే పాతది విప్పండి. వెనక మూడు ఇనప పట్టీలకి 10 మిల్లీమీటర్ల నట్లు ఉంటాయి. ముందురోజే నూనె కొట్టి ఉంచండి. బోల్టు సన్నది, బలం పెడితే పుటుక్కున విరుగుతుంది. బిగించేటప్పుడూ అంతే, చేతితో బిగించి పైన కొంచెం చాలు. ఎండ ఉన్న రోజు చూసుకుని, టాప్‌ని గంటసేపు ఎండలో పరిచి మొదలుపెట్టండి. చలికి వినైల్ (టాప్ గుడ్డగా వాడే ప్లాస్టిక్) సాగదు. మొదట లాచ్ అందకపోతే కంగారుపడి ముందు అంచు మళ్లీ విప్పకండి. ఇద్దరు లాగి మూసి, కొన్నాళ్లు దించకుండా ఉంచితే గుడ్డ సర్దుకుంటుంది.

ఎన్‌ఏకి గాజు కిటికీ ఉన్న టాప్ కూడా వేసుకోవచ్చు. నేనైతే అదే వేయిస్తాను. డీఫాగర్ కావాలంటే వైరింగ్ విడిగా చేయాలి.

డిక్కీలో నీళ్లు

టాప్‌తో సంబంధం తక్కువ. వెనక లైట్ల గాస్కెట్లు (లైటుకీ బాడీకీ మధ్య ఉండే సీళ్లు), మూడో బ్రేక్ లైట్ గాస్కెట్ చూడండి. ఎన్‌ఏలో బ్యాటరీ డిక్కీలోనే ఉంటుంది కాబట్టి వాయిదా వెయ్యకండి. డోర్‌లో నీళ్లు కదులుతున్న చప్పుడు వస్తే డోర్ కింది అంచులో చిన్న రంధ్రాలు పూడాయి, వాటికీ అదే నైలాన్ తీగ సరిపోతుంది.