చెక్కబొమ్మలు నేర్చుకునేవాళ్లకి గిఫ్టా? ఆ పన్నెండు ఉలుల డబ్బా మాత్రం కొనకండి

మా మేనల్లుడు ఇంటర్ సెలవుల్లో వీడియోలు చూసి చూసి తనూ చెక్కబొమ్మలు చేస్తానని కూర్చున్నాడు. మేనమామని కదా, ఆన్‌లైన్‌లో పన్నెండు ఉలుల సెట్ చవగ్గా కనిపిస్తే వెంటనే పంపించేశాను. డబ్బా చూడ్డానికి భలే ఉంది. వాడు వీధి చివర వడ్రంగి దగ్గర టేకు ముక్క అడిగి తెచ్చుకుని మొదలుపెడితే, రెండో రోజుకే ఒక ఉలి పిడి ఊడి చేతిలోకొచ్చింది. మిగతావాటితో చెక్క తెగడం లేదు, నలుగుతోంది. వారానికల్లా డబ్బా అటకెక్కింది. తప్పంతా నాదే.

మొదటి గిఫ్టుకి ఒక్క మంచి కత్తి చాలు. బ్లేడు రెండున్నర అంగుళాలు దాటకూడదు, మొన సన్నగా ఉండాలి, పిడి గుప్పెట నిండా పట్టేంత లావుండాలి. వంటింటి కత్తి పనికిరాదు, పల్చటి బ్లేడు చెక్కలో వంగుతుంది. మడత కత్తి ఇంకా ప్రమాదం, గట్టిగా నొక్కినప్పుడు మూసుకుందంటే వేళ్ల మీదే పడుతుంది. పేరు చెప్పమంటే, స్వీడన్‌లో తయారయ్యే మోరా 120 కొత్తవాళ్లకి బాగా సరిపోతుంది. అదే కంపెనీది 106 అని కాస్త పొడుగుది ఉంది గానీ చేయి తిరిగాక చూసుకోవచ్చు. స్పూన్లు, గరిటెలు చేయాలని ముచ్చటపడేవాళ్లయితే (మన ఉదయగిరి చెక్క స్పూన్లు చూసినవాళ్లెవరికైనా ఆ ముచ్చట పుడుతుంది) గుంట తవ్వడానికి కొక్కెంలా వంగిన కత్తి ఒకటి అదనంగా ఇవ్వండి.

ఇక అసలు సంగతి పదును. చాలామంది కత్తి కొనిచ్చి చేతులు దులిపేసుకుంటారు, నెల తిరిగేసరికి అది మొద్దుబారుతుంది, మొద్దుబారిన కత్తిని ఇంకా బలంగా తోస్తారు, అది జారి నేరుగా బొటనవేలి మీదికి వస్తుంది. పదును ఉందో లేదో కోసిన చోటు చూస్తే తెలిసిపోతుంది: పదునుంటే నున్నగా మెరుస్తుంది, తగ్గితే తెల్లటి గీతలు పడి నార లేచినట్టుంటుంది. అందుకే కత్తితో పాటు పదును పెట్టుకునే తోలు చెక్క కూడా ఇవ్వాలి. కొనక్కర్లేదు, పాత తోలు బెల్టు ముక్కని గరుకు వైపు పైకి ఉండేలా చెక్కపలకకి ఫెవికాల్‌తో అంటించి, మెరుగు పెట్టడానికి వాడే ఆకుపచ్చ పేస్టు కడ్డీ దాని మీద రుద్దితే సరి. పని చేస్తున్నప్పుడు అరగంటకోసారి కత్తిని దాని మీద అటూ ఇటూ పది పదిహేను సార్లు లాగాలి, పదునంచు ఎప్పుడూ వెనకవైపే ఉండాలి, ముందుకి తోస్తే తోలే తెగుతుంది. ఇది మీరే ఒకసారి చేసి చూపించి ఇస్తే ఇంకా మంచిది.

గ్లవ్ తప్పనిసరి. తెగకుండా ఆపే రకం, చెక్క పట్టుకునే చేతికి. కోతని ఆపుతుంది గానీ మొన గుచ్చుకుంటే ఆపదు, ఆ మాట కూడా చెప్పే ఇవ్వండి.

చెక్క లేకుండా కత్తి ఇవ్వడమంటే స్టవ్ లేకుండా కుక్కర్ ఇవ్వడమే. టేకు, తుమ్మ వద్దు, మెత్తటిది కావాలి. ఆన్‌లైన్‌లో బాస్‌వుడ్ ముక్కలు దొరుకుతాయి. మన దగ్గర కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి ఉంది, తేలికగా మెత్తగా ఉంటుంది కాబట్టే వాళ్లు దాన్ని ఎంచుకున్నారు. వాళ్లు కూడా బొమ్మంతా ఒకే ముక్కలో చెక్కరు, చేతులూ కాళ్లూ విడిగా చేసి చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. కాబట్టి మీవాడు మొదటి రోజే ఏనుగు అంబారీ చేయలేదని నిరుత్సాహపడొద్దనండి. చిన్నపిల్లలకైతే కత్తి ఇవ్వకుండా సబ్బు బిళ్ల, ఐస్‌క్రీమ్ పుల్ల ఇవ్వండి, ఒక చేప చెక్కేసరికి సాయంత్రం గడిచిపోతుంది.

కార్బన్ స్టీలు కత్తి తుప్పు పడుతుంది, విశాఖ, కాకినాడ గాలికైతే ఇంకా తొందరగా. వాడాక తుడిచి కుట్టు మిషన్ నూనె ఒక చుక్క రాయమనండి. అమెరికా నుంచి ఎవరైనా తెస్తున్నారంటే చేతి బ్యాగులో పెట్టొద్దని చెప్పండి, సెక్యూరిటీ దగ్గరే తీసేసుకుంటారు, చెకిన్ సూట్‌కేసులో సర్దాలి.

ఇంకోటి, శనివారం ఇవ్వకండి. నాకేం పట్టింపు లేదు గానీ, శనివారం ఇంట్లోకి ఇనుము తెచ్చానని మా అత్తగారు రెండు గంటలు క్లాసు పీకారు.