తరగతిలో వీడియో చూపించే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ముందు పాఠం లక్ష్యాన్ని ఒక్క వాక్యంలో రాసుకోండి. అదే విషయాన్ని బోర్డు మీద అంతే బాగా చెప్పగలిగితే వీడియో అక్కర్లేదు. గుండె కవాటాలు తెరుచుకుని మూసుకోవడం లాంటివి కదలని బొమ్మలో అంతుపట్టవు. వీడియో అవసరం అలాంటి చోటే.

ముందురోజే దాన్ని చివరిదాకా చూడండి. 10 నిమిషాల్లో పనికొచ్చేది 3 నిమిషాలే అయితే అంతే చూపించండి. ఏ నిమిషం దగ్గర ఆపాలో, ఆపి ఏం అడగాలో పాఠ్యప్రణాళికలో రాసిపెట్టుకోండి. ఆపకుండా నడిపిస్తే పిల్లలు సినిమాలా చూసి వదిలేస్తారు.

ఇంటర్నెట్‌ను నమ్ముకోవద్దు. డౌన్‌లోడ్‌కు అనుమతి ఉన్న వీడియో అయితే లాప్‌టాప్‌లోనూ పెన్‌డ్రైవ్‌లోనూ ఉంచుకోండి.

ఎక్కువగా ఇబ్బంది పెట్టేది శబ్దమే. లాప్‌టాప్‌ను ప్రొజెక్టర్‌కు కలిపే పాత రకం వీజీఏ కేబుల్ బొమ్మను మాత్రమే పంపుతుంది, కాబట్టి స్పీకర్లకు వేరే ఆడియో వైరు కావాలి. హెచ్‌డీఎంఐ కేబుల్‌లో బొమ్మ, శబ్దం రెండూ వెళ్తాయి. కాకపోతే శబ్దం ప్రొజెక్టర్‌కు మళ్లి, విడిగా పెట్టిన స్పీకర్లు పలకకపోవచ్చు. అప్పుడు సౌండ్ సెట్టింగుల్లో అవుట్‌పుట్ మార్చాలి. విండోస్ లాప్‌టాప్‌లో ఉన్నది తెర మీదికి రాకపోతే విండోస్ కీ, పి కలిపి నొక్కి డూప్లికేట్ ఎంచుకోండి. ఆ తర్వాత చివరి బెంచీలో కూర్చుని మాట వినబడుతోందా, అక్షరాలు కనబడుతున్నాయా చూడండి. ఈ పని మాత్రం తప్పించుకోవద్దు.

నోటిఫికేషన్లు ఆపేయండి, ఛార్జర్ తగిలించండి.

వినికిడి లోపం ఉన్న పిల్లలుంటే సబ్‌టైటిల్స్ ఉన్న వీడియోనే ఎంచుకోండి.

కరెంటు పోయినా అవే ప్రశ్నలు అడగడానికి వీలుగా ఒక చార్టు దగ్గర ఉంచుకోండి.