హెచ్‌డీఎఫ్‌ఎస్ కమాండ్‌ని లూప్‌లో పెట్టకండి
హడూప్ (పెద్ద డేటాని చాలా కంప్యూటర్ల మీద దాచి నడిపే సాఫ్ట్‌వేర్) మీద షెల్ స్క్రిప్టులు రాసేవాళ్లకి ఒక మాట. హడూప్ ఫైళ్లు దాచే చోటే హెచ్‌డీఎఫ్‌ఎస్. 'హెచ్‌డీఎఫ్‌ఎస్ డీఎఫ్‌ఎస్' అని కొట్టిన ప్రతిసారీ కొత్తగా ఒక జావా ప్రాసెస్ లేస్తుంది, దానికే ఒకటి రెండు సెకన్లు పోతాయి, అందుకని చిన్న చిన్న ఫైళ్లు వెయ్యి ఉంటే ఫర్ లూప్‌లో ఒక్కొక్కటీ పుట్ చేసేకంటే (అంటే హెచ్‌డీఎఫ్‌ఎస్‌లోకి ఎక్కించేకంటే) అన్నీ కలిపి ఒకే పుట్‌కి ఇచ్చేయండి, అది ఒకేసారి చాలా ఫైళ్లని తీసుకుంటుంది. ఫైళ్లు తీసేసే ఆర్‌ఎం కూడా అంతే. కాకపోతే హెచ్‌డీఎఫ్‌ఎస్ పాత్‌లో స్టార్ గుర్తు ఉంటే తప్పకుండా సింగిల్ కోట్స్‌లో పెట్టండి, లేదంటే మీ లోకల్ డిస్క్‌లో అదే పాత్ ఉన్నప్పుడు షెల్ అక్కడి పేర్లతోనే దాన్ని విప్పేస్తుంది, అప్పుడు ఆర్‌ఎం కొన్ని ఫైళ్లనే తీసేసి ఎర్రర్ కూడా ఇవ్వకపోవచ్చు. ఫైల్ ఉందో లేదో తెలియాలంటే ఎల్‌ఎస్ ఇచ్చే జాబితాలో గ్రెప్‌తో వెతకడం ఎందుకు, 'హెచ్‌డీఎఫ్‌ఎస్ డీఎఫ్‌ఎస్ -టెస్ట్ -ఈ' వాడండి, ఉంటే ఎగ్జిట్ కోడ్ 0 వస్తుంది.